మూడోసారి పలుకొద్దు

అల్ ఖర్జ్, పంపు రూము
10 జనవరి 2025, శుక్రవారం

బిడ్డా స్వర్ణా,

నీ తాత పెద్ద లింబాద్రి రాసుడు ఏమంటే, ఈడ చలి బాగున్నది, నేను అంతకన్న బాగున్న. ఆడ మీరు క్షేమమని ముందే ఎట్ల రాయాలె? మీరు చెప్తె గద తెలిసేది. నాలుగు తరగతులు చదివినోన్ని, అన్నీ నాకు తెల్వయి.

ఫోన్ చెయ్యి తాతా అని మల్ల రాసినవు. ముప్పయ్యొక్క ఏండ్లు మోటర్ల నడుమ నిలవడ్డ చెవులు బిడ్డా ఇవి. కుడిది పావులా పనిచేస్తది. ఎడమది ఇరవై ఏండ్ల కిందనే బందయింది. నువ్వు ఫోన్ల "తాతా" అంటె నాకు "టాటా" అని ఇనవడి పెట్టేస్త. అందుకే కాయిదం. శుక్రారం శుక్రారం మస్తాన్ వలీ గడ్డి ట్రక్కు తోలుకొని ఈడికొస్తడు. నేను రాసింది ఫోటో కొట్టి నీకు పంపుతడు, నువ్వు రాసింది ఫోన్ల చూపిస్తడు. కడప మనిషి. చదవడు మాత్రం. పరాయోళ్ల ఉత్తరం చదివితె పాపమంటడు. నువ్వు పెద్ద పెద్ద అక్షరాలు రాయి, గుమ్మడికాయలంత.

క్యాంపుల ఇప్పుడు ఒక్కటే ముచ్చట, ప్రెసిడెంటు. అదే, మా తెలుగోళ్ల సంఘం ప్రెసిడెంటు, మన పక్కూరి భోజన్న. మొన్న టీవీల ఏదో దేశం ప్రెసిడెంటు మీద సర్వే అని చెప్పిండ్రు. సగం మంది మంచిగ చేస్తుండు అంటరట, సగం మంది చేస్తలేడు అంటరట. సర్వే అంటె నేను భూమి కొలుసుడనుకున్న. మనిషిని సుత కొలుస్తరట. ఇగ మనోళ్లు ఊకుంటరా? మెస్సుల పాలపొడి డబ్బ పెట్టిండ్రు. భోజన్న పని నచ్చినోడు ఖజూర గింజ ఎయ్యాలె, నచ్చనోడు కంకర రాయి ఎయ్యాలె. కుమ్మరిచ్చి చూస్తె నలభయ్యొక్క గింజలు, నలభయ్యొక్క రాళ్లు, ఒక అంగి గుండీ. గుండీ నాది.

మస్తాన్ వలీ రాళ్లోడు. "ఆయప్ప చచ్చినోళ్లకు ప్రెసిడెంటు తాతా, బతికినోళ్లకు కాదు" అంటడు. అబద్ధం కాదు. ఎవడన్న సచ్చిండనుకో, భోజన్న తిండి మానేసి ఉరుకుతడు. ఆస్పత్రి, పోలీసు, ఎంబసీ, పదిహేను దినాలల్ల శవం పెట్టె ఇంటికి పోవాలె. బతికినోని కాయిదమైతె సంచిల ఏస్తడు, అది ఆన్నే పండుకుంటది. నేను ఇంటికి పోయేటందుకు పెట్టిన ఎగ్జిట్ ఫైలు రెండేండ్ల సంది అదే సంచిల ఉన్నది. గింజలోళ్లు ఏమంటరంటె, "ఆయన ఉన్నడు గనుకనే ఈడ ధైర్యంగ సస్తున్నం" అంటరు. చూడు, ఇది సుత ఒక పొగడ్తనే.

మొన్న మంగళారం చిన్న లింబాద్రి పెట్టె పోయింది. మెట్‌పల్లి దిక్కు పోరడు, నా పేరోడే. గుండె ఆగింది. పెట్టె పోయెటప్పుడు మాకాడ ఒక వాడుక ఉన్నది. ఎయిర్‌పోర్టు కార్గో గేటుకాడ పేరు పెట్టి మూడు సార్లు పిలవాలె, "ఫలానా, ఇంటికి పోదాం పా" అని. లేకుంటె వాడు ఈడనే ఉండిపోతడట. ఎనకట ఒకడు, పెట్టె పోయినంక సుత మూడు నెలలు డ్యూటీ పంచింగ్ కొట్టిండట. పిలిస్తె పెట్టె ఎట్లాగు పలుకదు, దాని బదులు ఇంకెవ్వలు పలుకొద్దు. మూడు సార్లు పలికినోడు పోవుడే అంటరు.

భోజన్న రేషన్ డీలర్ తీరుగ పిలుస్తుండు. "లింబాద్రీ, ఇంటికి పోదాం పా." అందరు మొకాలు దించుకున్నరు. నాకు మనసున పట్టలేదు. మూడోసారి పిలవంగనే ఎనుక నుంచి నేను "ఆఁ, వస్తున్న" అన్న. ఇద్దరు ముగ్గురు నవ్విండ్రు, ఒకడు భయపడి కింద కూసున్నడు. భోజన్న మాత్రం నవ్వలేదు. మల్ల మొదటి నుంచి మూడు సార్లు పిలిచి పోరన్ని సాగనంపిండు. తర్వాత ఎర్ర నోటుబుక్కు తీసి ఏదో రాసుకున్నడు. ఏం రాసినవే అంటె నా కుడి చెవుల ఒర్రిండు, "పెద్ద లింబాద్రి, ఒకసారి పలికిండు అని రాసిన" అన్నడు.

రాసుకోనీ. మీ అమ్మకు చెప్పకు, తిడ్తది.

ఇట్లు, సగం చెవి తాత

*

మన ఊరు
19 జనవరి 2025

తాతా,

గుమ్మడికాయలంత రాస్తున్న, నాలుగు మాటలకే పేజీ అయిపోతుంది. మేమందరం మంచిగున్నం. అమ్మకు చెప్పొద్దన్నవు, కానీ ఉత్తరం నాకంటే ముందు అమ్మనే చదివింది. తిట్టింది. సచ్చిన పిలగాని పేరు మీద పరాచికమా అన్నది. నాకు కూడా నచ్చలేదు. ఎందుకు పలికినవ్ తాతా?

మీ సర్వే మా మీసేవకు కూడా వచ్చింది. నేను పనిచేసేకాడ రోజంతా జనమే కదా, సర్టిఫికెట్ల కోసం లైన్ల నిలబడి భోజన్న మామ గురించే మాట్లాడుతరు. ఒకామె, "నా కొడుకు మొకం చివరిసారి చూపెట్టిండు, వాడు దేవుడు" అంటది. ఇంకొకామె, "వాని చేతుల పడ్డోళ్లు పెట్టెలనే వస్తరు, మా ఆయన ఫైలు వాని దగ్గర ఉండొద్దు తల్లీ" అంటది. ఇద్దరు లొల్లి పెట్టుకుంటే ప్రింటర్ కూడా ఆగిపోయింది.

నాకైతే ఒక్కటే. నువ్వు పోయినప్పుడు నేను పదో తరగతి. ఏడేండ్లాయె. ఆయన మంచి ప్రెసిడెంటా చెడ్డ ప్రెసిడెంటా నాకొద్దు, నీ ఫైలు కదలాలె. పరాచికాలు పక్కన పెట్టి గట్టిగ అడుగు. నువ్వు నడిచి ఇంటికి రావాలె తాతా. నడిచి. నేనేమంటున్ననో నీకు తెలుసు.

నీ స్వర్ణ

*

పంపు రూము
7 ఫిబ్రవరి 2025, శుక్రవారం

నడిచి రమ్మన్న మనుమరాలా,

అల్ ఖర్జ్ నుంచి నడిస్తె సముద్రం అడ్డమొస్తది. అయినా చూస్త.

అడుగుదామంటె భోజన్న లేడు. మస్తాన్ వలీ పోయిన శుక్రారం మొకం మాడ్చుకొని వచ్చిండు. నా కుడి చెవుకాడ నోరు పెట్టి, "ప్రెసిడెంటు పోయినాడు తాతా" అన్నడు. పోయిండా? నాకొక్క మాట చెప్పకుంట, నా ఫైలు సంచిల పెట్టుకొని, ఇంటికి పోయిండు. "ఎప్పుడు పోయిండు" అంటె "ఆదివారం" అన్నడు. "మల్ల ఎప్పుడొస్తడు" అంటె నా మొకం చూసి, ట్రక్కెక్కి పోయిండు. రాళ్లోడు గద, ఆయన పేరెత్తితెనే కోపం.

ఈడికి నలభై మైళ్ల దూరంల క్యాంపు. నాకు ముచ్చట్లన్నీ బూజు పట్టినంకనే వస్తయి.

ఆయన పక్కూరికే వస్తడు గద. నువ్వు పోయి కలువు. ప్రెసిడెంటు సాబ్, మా తాత ఫైలు అత్తరు రాసి దాచిపెట్టినవా అని అడుగు. ముత్తవ్వను సుత అడిగిన్నని చెప్పు. పాపం, మొగడు ప్రెసిడెంటైతె పెండ్లాం ఎప్పుడు ప్రతిపక్షమే.

ఇట్లు, ఫైలు పోయిన తాత

*

మన ఊరు
16 ఫిబ్రవరి 2025

తాతా,

నీ ఉత్తరం చదివి నాకు కోపమొచ్చింది. నీకు అన్నీ నవ్వులాటేనా? ఇట్లాంటప్పుడు కూడా ఆయన మీద జోకులెయ్యబుద్ధి అయిందా? అమ్మ మాత్రం, "బాధను నవ్వుల దాచుకుంటడు మీ తాత, వాళ్లిద్దరు ఇరవై ఏండ్ల దోస్తులు, ఎక్కువ రాయకు, ఒక్కడే ఉంటడు ఆడ" అన్నది. అందుకే కొంచెమే రాస్తున్న.

భోజన్న మామ పన్నెండో తారీకు ఇంటికి వచ్చిండు. ఊరు ఊరంతా పోయింది. మేము కూడా పోయినం. మొన్న జనవరిల తిట్టినామె కూడా వచ్చి నిలబడ్డది.

ముత్తవ్వత్త మూలకు నిలబడ్డది. ఆయన దిక్కు సరిగ్గ చూడను కూడా చూడలేదు. అందరు ఏమన్న అను అంటే, "ఈయన కాదు. మా ఆయన ఇంక రాలేదు" అన్నది. ఇప్పటికి అదే అంటుంది. సాయంత్రం కాంగనే పళ్లెంల అన్నం పెట్టి పక్కన పెడుతుందట.

నీ ఫైలు సంగతి ఎవరిని అడగాలో తెల్వదు. సంఘంల వేరే వాళ్లున్నరా? నువ్వు పైలం తాతా.

నీ స్వర్ణ

*

పంపు రూము
21 ఫిబ్రవరి 2025, శుక్రవారం

కోపిష్టి బిడ్డా,

నీ ఉత్తరం గమ్మతిగ ఉన్నది. మొగడు సౌదీ నుంచి వస్తె, ఈయన మా ఆయన కాదు అన్నదా ముత్తవ్వ? బిడ్డా, నేను ఒకసారి మూడేండ్లకు ఇంటికొస్తె మీ నానమ్మ సుత అదే అన్నది. బట్టతల చూసి. రెండు దినాలైనంక ఒప్పుకున్నది.

సరే గని, భోజన్న పన్నెండున ఆడికొస్తె, నిన్న నాకాడికి ఎవలొచ్చినట్టు? ఎనిమిది దినాలల్ల మల్ల తిరిగొచ్చిండా? పెండ్లాం మొకం చూడకపోతె అట్లనే ఉరికొస్తరు మొగోళ్లు.

ఉన్నది ఉన్నట్టు చెప్త. నిన్న బేస్తారం పొద్దుగూకే యాల్ల. మోటర్లకు గ్రీజు పెడుతున్న. తలుపుకాడ నిలవడ్డడు. అదే ఇస్త్రీ అంగి, అదే సంచి. కారు బయట ఉన్నది, వచ్చిన సద్దు నాకు ఇనవడలేదు, అది నా కర్మ. టైర్ల మార్కులు మాత్రం ఇసుకల కానరాలేదు. గాలి కొట్టిందేమో.

"రా ప్రెసిడెంటు సాబ్, మీ మీద సర్వే సగం సగం వచ్చింది" అన్న. నవ్వలేదు. చాయ పెడితె చెయ్యి పెట్టలేదు, చల్లారింది. సంచి ఇప్పి నా ఫైలు తీసి చూపెట్టిండు. బిడ్డా, రెండేండ్ల దుమ్ము లేదు దాని మీద. "నీ పని చేస్తున్న లింబాద్రన్నా. ఇప్పుడు టైమున్నది. ఎనకట లేకుండె" అన్నడు.

ఒక్కటి మాత్రం నాకు సమజ్ కాలేదు. మస్తాన్ వలీ చెప్తె నేను కుడి చెవు దగ్గర పెట్టి మూడు సార్లు అడిగి ఇంట. భోజన్న అంత దూరంల నిలవడి మెల్లగ మాట్లాడిండు. ప్రతి మాట ఇనవడ్డది. ఎడమ చెవుల.

ఇరవై ఏండ్లకు ఆ చెవుల మనిషి గొంతు ఇన్న. సంబురమైంది నాకు. తిరిగొచ్చిందనుకున్న. ఆయన పోయినంక చెవుకాడ పళ్లెం కొట్టి చూసిన. ఏం లేదు. మల్ల బందే.

పోయెటప్పుడు తలుపు బయట నిలవడి, "లింబాద్రీ, ఇంటికి పోదాం పా" అన్నడు. గేటుకాడి గొంతుతోని. నాకు నవ్వొచ్చి, "ఆఁ, వస్తున్న, సంచి సదురుకోనీ" అన్న. ఆయన ఎర్ర నోటుబుక్కు తీసి రాసుకున్నడు. "ఎచ్చే బేస్తారం కాదు, ఆపై బేస్తారం. తయారుగుండు, నేనే తోలుకపోత" అన్నడు.

ఇగ మస్తాన్ వలీతోని నేను గొడవ పెట్టుకుంట. చూసినవా మీ రాళ్లు, మా ప్రెసిడెంటు బతికినోని పని సుత చేస్తుండు అని. నీ కోసం ఖజూరలు కొంటున్న. నీకొద్దంటె మీ అమ్మకు, ఆమెకు కోపానికి మంచిది.

ఇట్లు, సంచి సదురుకుంటున్న తాత

*

మన ఊరు
24 ఫిబ్రవరి 2025

తాతా,

ఈ ఉత్తరం రెండు సార్లు చదువు. నవ్వకు. నేను తప్పు చేసిన, మెత్తగ రాయాలని ఏం రాసిననో అది నీకు వేరేగ అర్థమైంది. ఇప్పుడు మెత్తగ రాయను.

భోజన్న మామ సచ్చిపోయిండు.

జనవరి ఇరవై ఆరు, ఆదివారం. రియాద్ల, మలాజ్‌ల ఆయన రూంల, పొద్దున. గుండె. "పోయినాడు" అని మస్తాన్ వలీ చెప్పింది దాని గురించే. నేను "ఇంటికి వచ్చిండు" అని రాసింది పెట్టె గురించే. ఆయన మరణ ధ్రువీకరణ పత్రం మా మీసేవలనే వచ్చింది తాతా, ప్రింట్ నేనే కొట్టిన, నా చేతులతోని. పేరు, తండ్రి పేరు, ఊరు, అన్నీ ఆయనవే. మొకం నేను చూసిన.

ఆ పత్రం ఇంక నా టేబుల్ డ్రాయర్లనే ఉంది. ముత్తవ్వత్త తీసుకుంటలేదు. రెండు సార్లు కబురు పంపిన. "ఆయన ఇంటికి రాకుండ ఆ కాయిదం నేనెట్ల పట్టుకోవాలె, వచ్చినంక తీసుకుంట" అంటది. మేమందరం ఆమె మతి పోయిందనుకున్నం. నీ ఉత్తరం చదివినంక నేనైతే అట్ల అనుకుంటలేను.

నీ దగ్గరికి వచ్చింది ఎవరో నాకు తెల్వదు. నువ్వు ఎండకు, ఒంటరిగ ఉండి ఏదో చూసినవని అమ్మ అంటుంది. అట్లనే కావాలని నేను కూడా మొక్కుతున్న. కానీ నీకు దండం పెడ్త. గేటుకాడ ఒకటి, తలుపుకాడ ఒకటి, నువ్వు రెండు సార్లు పలికినవ్. ఆపై బేస్తారం అంటే మార్చి ఆరు. ఆయన పిలిస్తే పలుకకు. ఆ కారు ఎక్కకు. ఆయన బతికినోళ్లను ఎప్పుడన్న విమానం దాకా తోలుకపోయిండా తాతా? ఒక్కరినన్న? ఆలోచించు.

ఫైలు లేకపోతే పాయె. ఇంకో రెండేండ్లైనా పర్వాలేదు. పలుకకు.

స్వర్ణ

*

పంపు రూము
7 మార్చి 2025, శుక్రవారం

బిడ్డా,

ముందు ఇది చదువు: ఉన్న.

నీ ఉత్తరం పోయిన శుక్రారం చూసిన. మస్తాన్ వలీ ఫోన్ పట్టుకొని నిలవడ్డడు, నేను రెండు సార్లు కాదు, నాలుగు సార్లు చదివిన. తర్వాత వాన్ని అడిగిన, "భోజన్న ఏడికి పోయిండురా?" వాడు చెయ్యెత్తి ఆకాశం చూపెట్టిండు. నెల దాటింది బిడ్డా, నేను వాన్ని ఆటపట్టిస్తనే ఉన్న, వాడు ఈ ముసలోడికి గుండె రాయి అనుకుంటనే ఉన్నడు.

"గేటుకాడ ఎవలు పిలిచిండ్రు ఆయన్ని?" అన్న. వాడు నా దిక్కు చూడలేదు. కాయిదం తీసుకొని రాసిచ్చిండు, నాకు తప్పు ఇనవడొద్దని. ఆ కాయిదం నా కాడనే ఉన్నది. వాడు రాసింది రాసినట్టు నీకు దింపుతున్న:

"ఎవురూ పిలవలా తాతా. గింజలోళ్లు మేము పిలుస్తాం అనిరి. మేము, మీరు పిలిస్తే ఆయప్ప గొప్పోడని అందరం ఒప్పుకున్నట్లు అయితాది, వద్దు అంటిమి. మరి మీరు పిలవండి అనిరి. మేమెందుకు పిలుస్తాం అంటిమి. అరగంట అరుచుకుంటిమి. పోలీసోడొచ్చి గేటు మూసె. పెట్టె లోపలికి పోయె. నేనూ అరిచినా."

ఇరవై ఏండ్లు అందరిని పిలిచి పంపిన మనిషి. ఆయన్ని పిలిచే కాడికి సగం సగం అయిండ్రు.

నిన్న బేస్తారం. నేను పొద్దటి నుంచి కూసోని ఆలోచన చేసిన. నాది పాడు నోరు గద. ఎవలన్న పేరు పెడితె చాలు, అలవాటుకొద్ది "ఆఁ" అంటది. అది నా మాట ఇనదు. అందుకని పొద్దుగూకే యాల్ల కాంగనే నీ కోసం కొన్న ఖజూరలు నాలుగు నోట్లె కుక్కుకున్న. మాటొచ్చే సందు లేకుంట.

వచ్చిండు. మోటర్లు నడుస్తున్నయి, బల్బు ఎలుగుతుంది. తలుపుకాడ నిలవడ్డడు. ఈసారి ఆయన కాళ్ల దిక్కు చూసిన. బూట్లకు ఇసుక లేదు బిడ్డా. ఈడ పదడుగులేస్తె మోకాలు దాక ఇసుక.

"లింబాద్రీ, ఇంటికి పోదాం పా."

ఎడమ చెవుల. పక్కన కూసోని చెప్పినట్టు. నాలిక ఖజూరల కింద కొట్టుకున్నది. నమిలిన.

"లింబాద్రీ, ఇంటికి పోదాం పా."

నిన్ను యాది చేసుకున్న. నువ్వు రెండు జడలేసుకొని బస్సుకాడ నిలవడ్డది. నమిలిన.

మూడోసారి ఆయన ఎంటనే పిలవలేదు. లోపలికొచ్చి నా మంచం చివరకు కూసున్నడు. మంచం కదలలేదు. చల్లగ అయింది రూము. మార్చిల ఈడ అట్ల చల్లగ కాదు. ఎర్ర నోటుబుక్కు తొడ మీద పెట్టుకొని, "ఒక్కటే ఉన్నది లింబాద్రన్నా. పలుకు. నీ పని అయిపోతది" అన్నడు. కోపంగ కాదు. ఆఫీసుల సంతకం అడిగినట్టు.

నాకు అప్పుడు బుగులు పోయింది బిడ్డా. ఎందుకంటె, ఆయన అంగి గుండీ ఒకటి తెగి ఉండె. సచ్చిన నాడు ఏసుకున్న అంగి అనుకుంట. అదే తొడుక్కొని, తెల్లారితె సంచి ఏసుకొని, ఆయన డ్యూటీ చేస్తుండు. పొమ్మని ఎవ్వలు చెప్పలేదు గద.

నేను నోట్లె గింజలు అరచేతుల ఉమ్ముకున్న. లేచి నిలవడ్డ. గేటుకాడ ఆయన పిలిచినట్టే పిలిచిన.

"భోజన్నా, ఇంటికి పోదాం పా."

ఆయన తలెత్తిండు. "నాకు పనున్నదన్నా. ఇన్ని ఫైళ్లున్నయి" అన్నడు.

"పని చేసేటోళ్లు శానమంది ఉన్నరు. భోజన్నా, ఇంటికి పోదాం పా."

"నన్ను ఎవ్వలు పిలవలేదు" అన్నడు. చిన్నగ.

"ఇప్పుడు పిలుస్తున్న గద. నేను గింజా కాదు, రాయీ కాదు. గుండీ ఏసినోన్ని. ముత్తవ్వ అన్నం పెట్టి కూసున్నదట. భోజన్నా, ఇంటికి పోదాం పా."

"ఆఁ" అన్నడు. "వస్తున్న."

నోటుబుక్కు తెరిచి ఏదో రాసుకున్నడు. సంచి భుజానికేసుకున్నడు. తలుపు దాటిండు. అంతే. కారు లేదు, మనిషి లేడు. ఒక్క నిమిషం నా ఎడమ చెవుల మోటర్ల సద్దు ఇనవడ్డది. ఇన్నేండ్ల సంది నడిపిస్తున్న మోటర్లు, అవి గింత లొల్లి చేస్తయని నాకు తెల్వనే తెల్వదు. తర్వాత బందయింది.

మస్తాన్ వలీ ఇప్పుడు ట్రక్కుకాడ నిలవడ్డడు, రోజా ఉన్నడు, నీళ్లు సుత ముట్టడు. ఫోటో కొట్టమని ఇస్తున్న. ఈ ఒక్క ఉత్తరం చదువురా అంటె చదివిండు. ట్రక్కు చక్రంకాడ కూసున్నడు.

ఆయనతోని నా ఫైలు సుత పోయిందనుకుంట. పోనీ.

ఇట్లు, రెండు సార్లే పలికిన తాత

*

మన ఊరు
11 మార్చి 2025

తాతా,

"ఉన్న" అన్న ఒక్క మాట చదివి ఫోన్ అమ్మకిచ్చి బయటికి పోయిన. అరగంటకు వచ్చి మిగిలింది చదివిన.

నీకు ఒకటి చెప్పాలె. నీ ఉత్తరం నాకు శుక్రవారం రాత్రి వచ్చింది. కానీ శుక్రవారం పొద్దున, అంటే అది రాకముందే, మీసేవ షట్టర్ లేపేసరికి మెట్ల మీద ముత్తవ్వత్త కూర్చొని ఉంది. పక్కూరి నుంచి నడిచి వచ్చిందట. పాదాలకు దుమ్ము. ఏందత్తా ఇంత పొద్దున అన్న.

"ఆ కాయిదం ఇయ్యి బిడ్డా. ఇప్పుడు తీసుకుంట" అన్నది.

డ్రాయర్ల నుంచి తీసి ఇచ్చిన. పట్టుకొని, "నిన్న ఎనిమిదిన్నరకు వచ్చిండు. పళ్లెం ముందల కూసున్నడు. అంగి గుండీ తెగింది, కుట్టుదామంటే వద్దన్నడు" అన్నది. తర్వాత ఏడ్చింది. పెట్టె వచ్చిననాడు ఏడవనిదంతా ఏడ్చింది. లైన్ల ఉన్నోళ్లందరు పనులు మానుకొని నిలబడ్డరు.

మన ఎనిమిదిన్నర అంటే మీకు ఆరు తాతా. పొద్దుగూకే యాల్ల.

గుండీ సంగతి నాకు అప్పటికి తెల్వదు.

ఇప్పుడు నీ సంగతి చెప్పు. ఫైలు లేకుండ ఎట్ల?

నీ స్వర్ణ

*

పంపు రూము
28 మార్చి 2025, శుక్రవారం

బిడ్డా స్వర్ణా,

రంజాన్ ఎల్లుండో ఆవలెల్లుండో అంటున్నరు. మస్తాన్ వలీ ఈయాల కొత్త చెప్పులతోని వచ్చిండు, నాకు సుత ఒక జత తెచ్చిండు. ఇంటికి చెప్పుల్లేకుంట పోతవా తాతా అన్నడు. ఎవడు పోతుండురా అన్న. కాయిదం చేతుల పెట్టిండు.

ఎగ్జిట్ వచ్చింది. ముద్ర పడ్డది. ఏప్రిల్ తొమ్మిది, బుధారం, హైదరాబాద్.

నువ్వు సంబురపడు, తర్వాత మిగిలింది చదువు. రియాద్ల మా కంపెనీ ఆఫీసుల ఇమ్రాన్ అని పాకిస్తానీ క్లర్కు ఉన్నడు. మస్తాన్ వలీ అడిగిండట, ఈ ఫైలు ఎవలు తెచ్చిండ్రు అని. "మీ సదర్ సాబే తెచ్చిండు, ఆ కుర్చీల కూసున్నడు, చాయ తాగలేదు, ముద్ర పడేదాక లేవలేదు" అన్నడట. సదర్ అంటె వాళ్ల భాషల ప్రెసిడెంటే. సంఘం తరపున సంతకం భోజన్నది. కింద తారీకు ఫిబ్రవరి ఇరవై ఏడు. నీ డ్రాయర్లున్న కాయిదం మీద ఏం తారీకున్నదో నీకే ఎర్క.

మలాజ్‌ల ఆయన రూము ఖాళీ చేస్తుంటె ఎర్ర నోటుబుక్కు దొరికిందట. తాళమేసిన పెట్టెల. మస్తాన్ వలీ నాకు తెచ్చిచ్చిండు, వానికాడ ఉంచుకునేటందుకు ధైర్యం చాలలేదు. ఆఖరు పేజి చూసిన. ఆయన రాతే. రెండే వరుసలు.

"పెద్ద లింబాద్రి. రెండు."

దాని కింద, "భోజన్న. మూడు. ఇంటికి."

నేను దాన్ని మూసి సంచిల పెట్టుకున్న. ముత్తవ్వకిస్త.

మస్తాన్ వలీ ట్రక్కుల క్యాంపుకు పోయొచ్చిన. పాలపొడి డబ్బ ఇంక మెస్సులనే ఉన్నది. ఇప్పుడు సుత గొడవనే, మంచి ప్రెసిడెంటా చెడ్డ ప్రెసిడెంటా అని. కొత్తోన్ని ఎన్నుకోలేదు. నన్ను అడిగిండ్రు, నువ్వు చెప్పు తాతా అని. నేను గుండీ తీసి జేబుల ఏసుకున్న. ఆ నాడు నమిలిన ఖజూరల గింజ ఒకటి డబ్బల ఏసిన. తక్కిన మూడు సుత ఏద్దామనుకున్న, దొంగ ఓట్లయితయని ఆగిన. ఎన్కకు తిరిగి చూస్తె మస్తాన్ వలీ డబ్బల చెయ్యి పెట్టి ఏదో ఎతుకుతుండు. వాని రాయి. కంకర రాళ్లన్నీ ఒక్క తీరుగనే ఉంటయి గద, ఏది వానిదో వానికి దొరకలేదు. ఏదో ఒకటి తీసి బయటపడేసిండు.

మరి నాకు తెచ్చింది ఏ ఎగ్జిటో, తోలుకపోదామన్నది ఏడికో, నాకు ఇప్పటికి తెల్వదు బిడ్డా. రెండూ ఆయన పనే. రెండూ మనసుపెట్టే చేస్తుండె అనుకుంట.

ఇగ అసలు మాట. తొమ్మిదో తారీకు నువ్వు ఎయిర్‌పోర్టుకు వస్తవు. మీ అమ్మ వస్తది. జనం ఉంటరు, నేను బట్టతలతోని, కొత్త చెప్పులతోని బయటికొస్త. నువ్వు సంబురంతోని ఒర్రబోతవు. తాతా అను, ముసలోడా అను, ఏమన్న అను, నాకు ఎట్లాగు టాటా అనే ఇనవడ్తది. పేరు పెట్టి మాత్రం పిలవనియ్యకు. ఊరోళ్లకు, సుట్టాలకు, అందరికి ముందే చెప్పు. ఇంటికొచ్చినంక సుత. పోస్టుమాన్ పిలిచినా, పింఛను ఆఫీసుల పిలిచినా, నేను పలుక. నువ్వు పక్కన నిలవడి నా బదులు చెయ్యెత్తు.

ఎందుకంటె నాకు ఒక్కటే మిగిలింది. దాన్ని జర దాచుకుంట.

నువ్వు సప్పుడు చెయ్యకుంట రెయిలింగ్‌కాడ నిలవడు. నేనే నడిచొచ్చి నీ నెత్తి మీద చెయ్యి పెడ్త. చెయ్యి ఎచ్చగుంటె నేనే అనుకో.

ఇట్లు,
పేరు రాయని మీ తాత